కాళ్ళు ఎత్తు నాయనా

మళ్ళీ నెత్తురు. గొడ్డలి పైకి లేచింది, గాల్లో ఒక క్షణం ఆగింది, దాని అంచు మీద ఎండ మెరిసింది, ఆ మెరుపుకి ఒక డప్పు మోగింది, డప్పు వెనకాల వందమంది గొంతు చించుకుని ఏ భాషో తెలియని అరుపు అరిచారు, అప్పుడు గాని గొడ్డలి కిందికి దిగలేదు. దిగగానే ఎర్రటి తుంపర తెరంతా చిమ్మింది. అంటే కెమెరా అద్దం మీద పడిందన్నమాట. అంటే నా కళ్ళజోడు మీదే పడిందని నేను ఉలిక్కిపడాలన్నమాట. ఉలిక్కిపడలేదు. పొద్దున తాగిన కాఫీ గొంతులోకి వచ్చింది, అంతే. పక్క సీట్లో మా అక్క కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కొంగులోంచే "అయిపోయిందా?" అంది. "ఇంకా నరుకుతున్నాడు" అన్నాను. "ఎంతమందినిరా?" "జనాభా లెక్కలు ఇంకా తేలలేదు." ముందు వరసలోంచి ఎవరో వెనక్కి తిరిగి చూశారు. చూడనీ. నరికేవాడికి లేని మొహమాటం మాట్లాడేవాడికి ఎందుకు? ఇంటర్వెల్ అయ్యి కాసేపైంది. మొదటి సగంలో గొడ్డలి ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పారు, రెండో సగంలో అది ఎక్కడెక్కడికి వెళ్తుందో చూపిస్తున్నారు. కథ అంటే ఇదేనట.

ఇది పత్రికల వాళ్ళకీ, హీరో అభిమానులకీ కలిపి పొద్దున్నే వేసే ఆట. బయట ఎండ కాస్తోంది, లోపల ఏసీ చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. నాకు వారపత్రికలో ఒక పేజీ ఉంది. వచ్చిన సినిమాకల్లా వెళ్తాను, చూస్తాను, తిడతాను, ఇంటికి పోతాను. తోడు ఎవర్నీ తీసుకెళ్ళను, ఒంటరిగా అసహ్యించుకోవడంలో ఉన్న సుఖం ఇద్దరుంటే రాదు. ఇవాళ మాత్రం అక్కని తెచ్చాను. ఈ సినిమాలో అక్కకి ఒక మాట ఉంది. ఒకే ఒక్క మాట. ఇన్నేళ్ళుగా అక్క సినిమాల్లో గుంపు. పెళ్ళి సీనులో మూడో వరస చుట్టం, కోర్టు సీనులో నోటి మీద చెయ్యి పెట్టుకునే ఆడమనిషి, వరదలో కొట్టుకుపోయే ఊరు, బస్సు బోల్తా పడితే రోడ్డు మీద పడుకునే శవం. శవం అంటే అక్కకి ఇష్టం, పడుకోవచ్చు కాబట్టి. మిగతావన్నీ నిలబడే వేషాలు. గుంపుకి కుర్చీ వెయ్యరు. పొద్దున వెళ్ళినవాళ్ళు పొద్దుగూకే దాకా నిలబడాలి, కాళ్ళు పీకితే నేల మీద కూలబడాలి, పిలవగానే లేవాలి. అక్క మోకాళ్ళు కూలబడటానికీ ఒప్పుకోవడం లేదు, లేవడానికీ ఒప్పుకోవడం లేదు. డాక్టరు బొమ్మ గీసి మరీ చెప్పాడు, ఇంక నిలబడే పని మానెయ్యమని. మాట ఉన్న వేషగాళ్ళకి మాత్రం కుర్చీ వేస్తారు. ఎర్రటి ప్లాస్టిక్ కుర్చీ, చేతులున్నది. గుంపుని సరఫరా చేసే ఏజెంటు అక్కతో ఖచ్చితంగా చెప్పాడు: "తెర మీద నువ్వు నోరు తెరవాలి, మాట వినపడాలి, జనం గుర్తుపట్టాలి. అప్పుడు నిన్ను మాటల వేషాల్లోకి మారుస్తా. లేదంటే మోకాళ్ళు చూసుకుని ఇంట్లో కూర్చో పెద్దమ్మా." ఇంట్లో కూర్చుంటే అక్కకి తోచదు. ఇంట్లో ఉన్నది నేను.

ఆ మాట కూడా ఎవరూ రాసి ఇచ్చింది కాదు. ఆస్పత్రి వరండా సీను. హీరో తమ్ముడు లోపల చచ్చిపోయాడు, హీరో బయట బెంచీ మీద తల పట్టుకుని కూర్చున్నాడు, అక్క తుడిచే గుడ్డ, బకెట్టు పట్టుకుని అటు నుంచి ఇటు పోవాలి. రెండు మూడు సార్లు పోయింది. దర్శకుడికి ఎందుకో తృప్తి కలగలేదట. "ఏదో ఒకటి అనమ్మా, ఊరికే పోతుంటే వాడి ఏడుపు తేలట్లేదు" అన్నాడట. అక్క బకెట్టు పక్కన పెట్టి, గుడ్డ పిండి, ఆ హీరో కాళ్ళ వంక చూసి, "కాళ్ళు ఎత్తు నాయనా, తుడుచుకుంటాను" అంది. అంతే. దర్శకుడు సరే అన్నాడు. ఆ తర్వాత, ఇంకో షాటుకి దీపాలు మార్చేదాకా అక్కకి కుర్చీ వేశారు. ఆ కుర్చీ గురించి అక్క ఇంటికొచ్చి ఎంతసేపు చెప్పిందో చెప్తే నమ్మరు. వీపు ఎక్కడ ఆనింది, చేతులు ఎక్కడ పెట్టుకుంది, పక్కన గుంపులో వాళ్ళు ఎట్లా చూశారు. తర్వాత నెలల తరబడి ఇల్లంతా అదే మాట. గిన్నెలు తోముతూ కాళ్ళు ఎత్తు నాయనా, బట్టలు ఆరేస్తూ తుడుచుకుంటాను, నేను పేపరు చదువుకుంటుంటే నిజంగానే తుడుపుగుడ్డ పట్టుకొచ్చి కాళ్ళు ఎత్తు నాయనా. "అక్కా, సినిమా ఆ మాట దగ్గర ఆగిపోదు, ఎవరూ వినరు" అని కసిరాను. "నువ్వు వింటావుగా, చాలు" అంది. ఇంకెవరు కసిరినా ఊరుకోదు, నన్ను మాత్రం వంకలోడా అని ఊరుకుంటుంది. కానీ ఆ మాట నాకు బాగుందని మాత్రం ఆవిడకి చెప్పలేదు. తమ్ముడు చచ్చినా, రాజ్యం కూలినా, నేల తడిసి ఉంటే తుడిచేవాళ్ళు తుడవాలి. ఈ ఏడాది వచ్చిన సినిమాలన్నీ కలిపి పిండితే ఇంత నిజం ఒక్క చుక్క కారదు.

కారదు గాక కారదు. మొన్న వారం వచ్చినది చూడండి. అరవై దాటిన హీరోకి కంప్యూటరుతో పాతికేళ్ళ మొహం తగిలించారు. మొహం ఇస్త్రీ చేసినట్టుంది, మెడ మాత్రం ఉతికి ఆరెయ్యకుండా వదిలేసిన చొక్కాలా ఉంది. ఆ మొహం నవ్వితే పళ్ళు ఒక క్షణం తర్వాత నవ్వుతాయి. ఆ మెడ మీద వాలి ఒక పిల్ల, ఆయన మనవరాలి ఈడు పిల్ల, వానలో తడుస్తూ పాట పాడింది. వాన కూడా కంప్యూటరుదే, పిల్ల ఒళ్ళు ఒక్కటే నిజంగా తడిసింది. నాకు ఒళ్ళంతా జెర్రులు పాకినట్టయింది. దానికి ముందు వారం రెండు భాగాల సినిమా. మూడు గంటలు ఒక కోట చుట్టూ తిప్పి తిప్పి, చివరికి కోట తలుపు తెరుచుకుంటుంటే తెర నల్లబడింది, మిగతాది వచ్చే ఏడాదట. మంగలి సగం గడ్డం గీసి, మిగతా సగానికి వచ్చే ఏడాది రా అంటే ఊరుకుంటామా? ఇక్కడ ఊరుకోవడమే కాదు, చప్పట్లు కొట్టి పోయారు. అంతకుముందు దయ్యం సినిమా. తలుపు కిర్రుమంది, పిల్లి ఎగిరింది, దీపం ఆరింది, ఇవన్నీ నేను పుట్టకముందు నుంచీ ఉన్నవే, సరే అనుకున్నాను, తీరా చూస్తే దయ్యం ఏడుపు మొదలెట్టింది, నాకు అన్యాయం జరిగిందని ఏకరువు పెట్టింది. చచ్చాక కూడా ఫ్లాష్‌బ్యాక్ తప్పలేదు పాపం. దయ్యానికి న్యాయం దొరికింది. నా మధ్యాహ్నానికి దొరకలేదు. ఇక ఆ ప్రేమ సినిమా, దాని పేరు తలుచుకుంటేనే నోరు కడుక్కోవాలనిపిస్తుంది. వాడు ఆ పిల్ల వెంట బస్సులో పడ్డాడు, ఆఫీసులో పడ్డాడు, ఇంటి గోడ దూకాడు, ఆ పిల్ల ఛీ అంది, చెంప మీద కొట్టాడు, కొట్టాక ప్రేమించింది. హాల్లో ఈలలు. ఈలలు వేసినవాళ్ళు ఇళ్ళకి పోయాక ఎవరి ఇంటి గోడ దూకారో ఏ విమర్శకుడూ రాయలేదు, కెమెరా పనితనం బాగుందని రాశారు.

నాకు కెమెరా పనితనం ఏం తెలుసు అంటారు చదువుకున్న నా తోటి విమర్శకులు. నిజమే. ఏడో తరగతిలో బడి మానేసి సినిమాహాల్లో టార్చిలైటు పట్టుకున్నవాణ్ణి. చీకట్లో వచ్చినవాళ్ళకి సీట్లు చూపించి, గోడకి జారబడి నిలబడటం నా ఉద్యోగం. సినిమా చూడటం ఉద్యోగంలో భాగం కాదు, అందుకని తెరకి వీపు పెట్టి జనాన్ని చూసేవాణ్ణి. తెర వెలుగు వాళ్ళ మొహాల మీద పడి ఎర్రగా, నీలంగా మారుతూ ఉండేది. అట్లా చూస్తూ చూస్తూ ఒక సంగతి పట్టుకున్నాను: సినిమా అబద్ధం చెప్పడం మొదలెట్టగానే జనం దగ్గుతారు. ఎందుకో నాకు తెలియదు. కావాలని దగ్గరు. గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు, ముందు బాల్కనీలో ఒకడు, తర్వాత కింద ఒకావిడ, తర్వాత పిల్లలు, సీట్లు కదిలే చప్పుడు, కాళ్ళు నేలకి రాసే చప్పుడు. నిజం వచ్చినప్పుడు జలుబు చేసినవాడు కూడా బిగబట్టుకుని కూర్చుంటాడు. నా విమర్శ మొత్తం ఆ దగ్గు మీదే నడిచింది. మిగతావాళ్ళు పుస్తకాల్లోంచి పెద్ద పెద్ద మాటలు తెచ్చి రాస్తే, నేను దగ్గు ఎక్కడ వచ్చిందో చూసి రాశాను, పత్రిక అమ్ముడుపోయింది. ఇప్పుడు ఆ దగ్గు వినపడదు. ఈ డప్పులు, ఈ బూరలు, సీటు కిందనుంచి వచ్చి వెన్నుపూసలో మోగే ఈ ఢాం ఢాం, వీటిలో పక్కవాడు చచ్చినా తెలియదు. శబ్దం ఊరికే పెంచలేదు వీళ్ళు. దగ్గు వినపడకూడదనే పెంచారు.

శబ్దమే లేకపోతే బాగుంటుందా అంటే, అదీ చూశాను. అవార్డులు తెచ్చుకున్న సినిమా. ఒకావిడ కిటికీ దగ్గర నిలబడింది. బయట మేక ఉంది. మేక ఆవిడని చూసింది. ఆవిడ మేకని చూడలేదు. కుళాయి కారుతోంది. ఎంతసేపు కారిందంటే, లేచి వెళ్ళి కట్టేసి వద్దామనిపించింది. ఆవిడ ఎందుకు మాట్లాడదు, నోరుందా లేదా, ఇంట్లో ఇంకెవరన్నా ఉన్నారా, పొయ్యి మీద ఏముంది, ఏమీ చెప్పరు. అడిగితే నిశ్శబ్దం అంటారు. తోచనితనానికి ఇంత మంచి పేరు ఎవరు పెట్టారో గాని వాడి తెలివికి దండం పెట్టాలి. సినిమాలకి మార్కుల బదులు చుక్కలు వేసే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు, ఇప్పుడు కూడా మా ముందు వరసలోనే కూర్చున్నాడు, నేను చుక్కలాయన అంటాను, ఆయన ఆ మేక సినిమాకి కళ్ళు తుడుచుకుంటూ బయటికి వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "మాటల్లేవండీ" అన్నాడు. "లేవు, నేనూ గమనించాను" అన్నాను. గొడ్డలి సినిమా నా నెత్తిన కొడుతుంది, మేక సినిమాకి నాకు నెత్తి ఉందన్న సంగతే పట్టదు. రెంటికీ నేను అక్కర్లేదు. ఆ తర్వాత పరుగుపందేల ఆటగాడి జీవితం మీద తీసింది. ఆ ఆటగాడు బతికే ఉన్నాడు, సన్నగా, చెవుల మీద వెంట్రుకలతో, ప్రెస్ షోకి వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. తెర మీద ఆయన ఆరడుగులున్నాడు, కండలున్నాయి, పరుగు పరుగుకీ పాటుంది. చివరి పందెంలో జెండా పట్టుకుని గెలిచాడు, అందరూ లేచి చప్పట్లు. ఆయన అందరి మొహాలూ చూసి, నెమ్మదిగా, తప్పు చేసినవాడిలా, "ఆ పందెం నేను ఓడిపోయానండీ" అన్నాడు. నిర్మాత ఆయన భుజం తట్టి, "ఇంక గెలిచేశారు లెండి" అన్నాడు. ఆయన చేసేది లేక నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు వచ్చిన ఓకరింత సాయంత్రం దాకా తగ్గలేదు.

గొడ్డలి ఆగింది. తెర మీద పొగ, పొగలోంచి అంబులెన్సు. అక్క కొంగు తీసేసి ముందుకి జరిగింది. ముందు సీటు అంచు రెండు చేతులా పట్టుకుంది. మోకాళ్ళు నొక్కుకుపోయినా పట్టించుకోలేదు. "ఇదేరా, తమ్ముణ్ణి తీసుకొచ్చారు" అని గుసగుసలాడింది. నాకు లోపల భయం పట్టుకుంది. ఎడిటింగు గదుల్లో ఏం జరుగుతుందో నాకు తెలుసు. నిడివి ఎక్కువైంది అని ఒకడు అంటాడు, ఇంకొకడు సిగరెట్టు ఆర్పి, ఆ తుడిచే ముసలమ్మని ఎత్తెయ్యి అంటాడు. అంతే, ఎర్ర కుర్చీ పోయినట్టే. గొడ్డలి గాల్లో ఆగే క్షణాన్ని ఎత్తెయ్యరు, ఇన్నిసార్లు ఆగింది కదా, ఒక్కసారన్నా ఆగకుండా దిగమనరు. అక్కకి ముందే చెప్పి ఉంచుదామా, లేకపోయినా లేకపోవచ్చని? పొద్దున ఆటోలో చెప్పబోయాను. అక్క కొత్త చీర కట్టుకుంది, జుట్టుకి రంగు వేసుకుంది, చెవి మీద నల్లటి మరక మిగిలిపోయింది. నోరు రాలేదు. డాక్టరు తెర మీదకి వచ్చాడు, కళ్ళజోడు తీశాడు, తల అడ్డంగా ఊపాడు. సినిమాల్లో డాక్టర్లు ఈ ఒక్క పనికే చదువుకుంటారు. హీరో గోడకి తల కొట్టుకున్నాడు, గోడ బీటలు వారింది. ఛీ. తమ్ముడు చచ్చినా వీడి బలం చూపించాలి. తర్వాత వరండా వచ్చింది. పొడుగాటి వరండా, చివర కిటికీ, బెంచీ. ఒక్కసారిగా డప్పులు ఆగాయి. నాకు హాలంతా వినపడింది, ఏసీ చప్పుడు, ఎవరో గొంతు సవరించుకోవడం. వరండా చివర ఒక చిన్న ఆకారం వంగి కదులుతోంది. బకెట్టు. అక్క.

ఉంది. ఎత్తెయ్యలేదు. నాకు తెలియకుండానే అక్క మణికట్టు పట్టుకున్నాను. తెర మీద అక్క మోకాళ్ళ నొప్పితో, నటన కాని నొప్పితో, ఒక్కో అడుగూ జరుపుకుంటూ తుడుచుకుంటూ వస్తోంది. పక్కన అక్క ఊపిరి బిగబట్టింది. తెర మీది అక్క బెంచీ దగ్గరికి వచ్చి ఆగింది, గుడ్డ పిండింది, హీరో కాళ్ళ వంక చూసింది, అబ్బ, ఆ చూపు, జాలి లేదు, కోపం లేదు, తుడవాల్సిన నేల మీద రెండు చెప్పులు ఉన్నాయన్న చూపు. నా పక్కన అక్క పెదాలు కదిలాయి, చిన్నగా, తన గొంతుతో, ఇంట్లో అన్నట్టే, "కాళ్ళు ఎత్తు నాయనా, తుడుచుకుంటాను" అంది. తెర మీద అక్క పెదాలు కూడా అట్లాగే కదిలాయి. గొంతు మాత్రం ఆవిడది కాదు. తేనెలో ముంచి, కన్నీళ్ళలో ఆరేసిన గొంతు. "కాళ్ళు ఎత్తు నాయనా..." అని వణికింది, ఆగింది, వయొలిన్లు లేచాయి. తెర మీద అక్క వంగి వీపు ఇటు తిప్పి తుడవడం మొదలెట్టింది, మొహం కనపడటం లేదు, నోరు మూసుకునే ఉండాలి, ఆ మూసుకున్న నోట్లోంచి ఆ గొంతు ఇంకా వస్తూనే ఉంది: "కన్నీళ్ళు తుడిచే చేతులు కావు నాయనా ఇవి... నేలైనా తుడవనీ!" వయొలిన్లు విరుచుకుపడ్డాయి. హీరో తల ఎత్తాడు, ఆ చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆ చేతులు కూడా అక్కవి కావు, నున్నగా ఉన్నాయి, దగ్గరగా చూపించడానికి ఇంకెవరివో తెచ్చారు. హాలు హోరెత్తింది. వెనక ఎవరో ఈల వేశారు. "ఏం మాట రాశాడ్రా!" అన్నారు. చుక్కలాయన ఫోను వెలిగించి గబగబా రాసుకుంటున్నాడు, కళ్ళు తుడుచుకుంటూ. ఒక్కడు కూడా దగ్గలేదు.

ఆ గొంతు నాకు తెలుసు. మొన్న ప్రేమ సినిమాలో చెంపదెబ్బ తిన్న పిల్లకి, ఆడదానికి ఓర్పు కావాలమ్మా అని చెప్పిన తల్లి గొంతు అదే. దయ్యం సినిమాలో దయ్యం అత్తగారి గొంతు అదే. కోట సినిమాలో రాజమాత గొంతు, ఆటగాడి సినిమాలో మేనత్త గొంతు, అన్నీ అదే. మన సినిమాల్లో ముసలివాళ్ళందరూ ఒక్క గొంతుతో ఏడుస్తారు. ఎక్కడో ఒక గాజు గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఒకావిడ ముక్కలు ముక్కలుగా వచ్చిన బొమ్మల్ని చూస్తూ కూర్చుంటుంది, ఇక్కడ ఏడవండి అంటే ఏడుస్తుంది, ఇక్కడ ఇంకో వాక్యం పట్టింది, మొహం అటు తిరిగి ఉంది కదా, ఈ మాట ఇరికించండి అంటే ఇరికిస్తుంది. ఆ వాక్యం రాసినవాడు సీను తీసిన రోజు అక్కడ ఉండి ఉండడు. తర్వాత ఎప్పుడో కాఫీ తాగుతూ, ముసలమ్మ వీపు ఖాళీగా ఉందని చూసి, ఖాళీ గోడ కనపడితే పోస్టరు అంటించేవాడిలా అంటించి పోయాడు. షూటింగులోనే నీ గొంతు పట్టేశారు, డబ్బింగుకి రానక్కర్లేదు అని ఏజెంటు అక్కకి చెప్పాడు. అక్క నమ్మింది. నేనూ నమ్మాను, ఇన్ని సినిమాలు చూసినవాణ్ణి.

చప్పట్లు ఆగాక అక్క వెనక్కి జారబడింది. తర్వాత నా వైపు వంగి, "నేనంత మాట అనలేదురా" అంది. "తెలుసు" అన్నాను. "ఎవరావిడ?" "గొంతులు ఇచ్చే ఆవిడ. అందరికీ ఆవిడే." "బాగానే ఏడ్చింది పాపం" అంది. కొంగు సర్దుకుని, "ఇది నా లెక్కలోకి వస్తుందంటావా?" అంది. మొహం అక్కది, గొంతు ఇంకోళ్ళది, చేతులు మరొకళ్ళవి, మాట ఎవడిదో. నాకు లోపల రాత మొదలైంది, అది నా చేతిలో లేదు, తిట్టు వచ్చినప్పుడు దగ్గులాగే వస్తుంది. ఈ సినిమాలో గొడ్డలి హత్యల కంటే పెద్ద హత్య ఆస్పత్రి వరండాలో జరిగింది, ఒక మనిషి నోట్లోంచి మాట లాగేసి కుళ్ళిన పువ్వు కుక్కారు, అని రాయాలి. రాస్తే? నేను తిట్టిన మాట చెప్పినవాళ్ళకి మళ్ళీ వేషాలు రావని పరిశ్రమలో ఒక భయం ఉంది. ఎంత నిజమో తెలియదు, ఏజెంటు మాత్రం నమ్ముతాడు, నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటాడు. ముందు వరసలో చుక్కలాయన ఆ మాటకే ఒక చుక్క ఎక్కువ వేస్తాడు. సాయంత్రానికల్లా ఆ మాట ఫోన్లన్నిట్లో తిరుగుతుంది. తిరిగితే అక్క కుర్చీలో కూర్చుంటుంది. అన్న మాటకి రాని కుర్చీ అనని మాటకి వస్తుంది. అనని మాటని నేను చీల్చి చెండాడితే కుర్చీ లాగేసినట్టే. మౌనంగా ఉంటే ఆ కుళ్ళిన పువ్వు వాసన నా పేజీ నిండా. ఎటు చూసినా రోత. తెర మీద మళ్ళీ గొడ్డలి లేచింది. ఈసారి హీరో దాన్ని ముద్దు పెట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను, డప్పులు కనురెప్పల లోపలికి కూడా వచ్చాయి. ఎప్పుడో తెర నల్లబడింది, మిగతాది రెండో భాగంలో అని అక్షరాలు పడ్డాయి, వాటికీ చప్పట్లు కొట్టారు.

బయట హాలు ముందర తివాచీ, గోడంత పోస్టరు, జనం. ప్రచారం చూసే పెద్దమనిషి కర్రకి తగిలించిన ఫోను పట్టుకుని ఎదురొచ్చాడు, కోటు వేసుకున్నాడు, చెమట కారుతోంది. "సార్, మీరు ఒక్క మాట చెప్పండి సార్." "చెప్తే మీరు వేసుకోలేరు" అన్నాను. ఆయన నవ్వి, పక్కన అక్కని చూసి, మళ్ళీ చూసి, "అమ్మా, నువ్వు... వరండా అమ్మవి కదూ?" అని కేక పెట్టాడు. నలుగురు తిరిగారు, పదిమంది మూగారు, చుక్కలాయన వచ్చి అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు, చేతుల గరుకు తగిలి ఒక క్షణం తడబడ్డట్టున్నాడు, అయినా వదల్లేదు. "గుండె పిండేశారమ్మా" అన్నాడు. "గుడ్డ పిండానండీ" అంది అక్క. అందరూ నవ్వారు. ప్రచారం మనిషి ఫోను అక్క మొహం మీదికి తెచ్చాడు. "అమ్మా, ఆ డైలాగు ఒక్కసారి చెప్పు, ఇక్కడ చూసి చెప్పు, నేను ఇప్పుడే నెట్లోకి ఎక్కిస్తాను. ఏజెంటుకి కూడా పంపిస్తాను, మీ ఏజెంటు నాకు తెలుసు." అక్క నా వంక చూసింది. నా మొహం ఎట్లా ఉందో నాకు తెలుసు. చిన్నప్పటి నుంచీ చూస్తున్న మొహమే ఆవిడకి. నీ మాట చెప్పు, నీ గొంతుతో చెప్పు, అంతే చెప్పి ఆపెయ్ అంటోంది ఆ మొహం. అది అక్క చదివింది, చదివిన సంగతి నాకు తెలిసింది, కళ్ళు తిప్పుకుని ఫోను వంక చూసింది.

ఆ గొంతు ఆవిడకి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. ఇన్నేళ్ళు గుంపులో వెనక నిలబడి ఎంతమంది ఏడవడం విన్నదో, అదంతా ఎక్కడ దాచుకుందో. కళ్ళల్లో నీళ్ళు నిండాయి, కింది పెదవి వణికింది, "కాళ్ళు ఎత్తు నాయనా..." అని ఆగింది, సరిగ్గా అక్కడే ఆగింది, వయొలిన్లు లేకపోయినా వాటికి చోటు వదిలి ఆగింది, "కన్నీళ్ళు తుడిచే చేతులు కావు నాయనా ఇవి" అని తన చేతులు చూపించింది, "నేలైనా తుడవనీ!" ఒక్క అక్షరం పొల్లుపోలేదు. గాజు గదిలో ఆవిడ కంటే బాగా చెప్పింది, అంటే ఆవిడ కంటే ఘోరంగా చెప్పింది. ఈలలు. "అదిరిందమ్మా! ఇంకొక్కసారి, ఫోను అడ్డంగా పెడతా" అన్నాడు ప్రచారం మనిషి. ఇంకొక్కసారి చెప్పింది. అవే కన్నీళ్ళు, అదే చోట ఆగడం. నేను గోడ పోస్టరు వైపు తిరిగాను, పోస్టరులో గొడ్డలి ఉంది, దాని మీద ఎండ మెరుస్తోంది. నా వెనక అక్క ఫోను మోగింది. "ఆఁ, నేనే... చూశావా అప్పుడే?... ఎప్పుడు?... మాట ఉందా దాంట్లో?... ఎన్ని మాటలు?" అంటోంది. ఏజెంటు ఎన్ని చెప్పాడో గాని, "అబ్బో" అంది.

జనం పలచబడ్డారు. బయటికి దిగడానికి ఎత్తయిన మెట్లున్నాయి, సినిమాహాళ్ళు కట్టేవాళ్ళకి మోకాళ్ళు ఉండవు. అక్క నా భుజం మీద బరువంతా వేసి ఒక మెట్టు దిగి ఆగింది. మొహం మీద కన్నీళ్ళు ఆరి చారలు కట్టాయి, వాటి పక్కన జుట్టు రంగు మరక.

"ఎలా చెప్పానురా?" అంది.

"రోతగా ఉంది" అన్నాను.

"నాకూ రోతగానే ఉంది" అంది. ఇంకో మెట్టు దిగింది. "మోకాళ్ళకి మాత్రం బాగుంది."

నాకు నవ్వు రాలేదు. వచ్చిందేమో, తెలియదు. కింద రోడ్డు మీద ఎండ కళ్ళల్లో పొడిచింది. అక్క ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలెట్టింది. "నీ పేజీలో నువ్వు రాసుకో. ఆపుకుంటే నీకు అన్నం సయించదు, నాకు తెలుసు. నా సంగతి తేలిపోయిందిలే, వచ్చే వారం నుంచి రమ్మన్నాడు. కానీ ఆ గొంతావిణ్ణి ఏమీ అనకు. ఆవిడకీ ఏ నడుమో పట్టేసి ఉంటుంది, లేకపోతే అన్ని ఏడుపులు ఎందుకు ఏడుస్తుంది?"

"మరి ఆ మాట రాసినవాణ్ణి?"

అక్క రెండు మెట్లు ఆలోచించింది.

"వాణ్ణి వదలకు" అంది.